ముక్కు చెప్పిన ఆయుష్షు

మాణిక్యాంబ తుడిచిన యంత్రాలు ఎక్కువకాలం బతకవని పునర్వినియోగ కేంద్రంలో మాట పుట్టి అప్పటికి నెల దాటింది. ఆ మాట ఆవిడ చెవిన పడ్డది మాత్రం ఒక బుధవారం పొద్దున్న, వరహాలమ్మ నోటి నుంచి.

కాకినాడ శివార్లలో మూతపడ్డ రైసుమిల్లు షెడ్డు అది. ఇప్పుడక్కడికి ధాన్యం రాదు, ఆఫీసులు వద్దనుకున్న సామాను వస్తుంది. కంప్యూటర్లు, ప్రింటర్లు, ఇన్వర్టర్లు, ఆసుపత్రుల నుంచి బీపీ చూసే మిషన్లు, బళ్ళ నుంచి పాత ఫ్యాన్లు. ఏ సంస్థయినా సరే, కరెంటుతో నడిచే వస్తువుని చెత్తలో పారెయ్యడానికి గాని, పాతసామాన్లవాడికి తూచి ఇచ్చెయ్యడానికి గాని వీల్లేదని చట్టం వచ్చి రెండేళ్ళయింది. ఇలాంటి కేంద్రానికి అప్పజెప్పాలి. పనికొచ్చేవాటిని ఇక్కడి నుంచి పల్లెటూరి బళ్ళకీ, చిన్న ఆసుపత్రులకీ పంపుతారు. పనికిరానివాటిని నలగ్గొట్టి రాగీ, తగరమూ, ప్లాస్టిక్కూ దేనికది వేరుచేస్తారు. ఏది పనికొస్తుందో ఏది రాదో చెప్పేది ముక్కు.

కాగితాల మీద దానికి బారెడు పేరుంది. దాన్ని తయారుచేసి ఆ పేరు పెట్టిన శంకరం, ఈ కేంద్రం నడిపే మనిషి, అతను కూడా దాన్ని ముక్కు అనే అంటాడు. మనిషెత్తు రేకు బీరువా. వస్తువుని లోపల పెట్టి తలుపు మూస్తే మెల్లగా వెచ్చబరుస్తుంది. వైర్ల మీది తొడుగూ, బోర్డుల మీది పూతా, లోపలి చిన్న చిన్న భాగాలూ ముసలివవుతున్నకొద్దీ మన ముక్కుకి అందనంత పలచని వాసనలు వదుల్తాయట. పన్నెండు నిమిషాలయ్యాక పక్కనున్న బుల్లి ప్రింటరు చీటీ కక్కుతుంది, ఈ వస్తువు ఇంకా ఇన్ని గంటలు పనిచేస్తుంది అని. నాలుగువేల గంటలు దాటితే చీటీ మీద పచ్చగీత. అంతకి తగ్గితే ఎర్రగీత, సరాసరి నలుగుడు మిషన్లోకి. ఒక్క స్క్రూ విప్పక్కర్లేదు. ఇదివరకు ముగ్గురు మెకానిక్కులు రోజంతా విప్పదీసి కూర్చుంటే పాతిక వస్తువులు తేలేవి కావు.

ముక్కులోకి వెళ్ళేముందు ప్రతి వస్తువునీ శుభ్రం చెయ్యాలి. ఆ బల్ల దగ్గర ఇద్దరే ఆడవాళ్ళు. వరహాలమ్మ, మాణిక్యాంబ. మాణిక్యాంబ శంకరానికి సొంత వదిన. అన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో తోచక, కెమిస్ట్రీ చదువుకున్న పాతికేళ్ళ కిందటి డిగ్రీ ఎందుకూ కొరగాకుండా పోతోందని, తనే అడిగి మరీ ఈ పనిలో చేరింది. గుడ్డ స్పిరిట్లో ముంచి, కీబోర్డు మీద అక్షరాల సందుల్లో కూడా పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టి రుద్దుతుంది. ఆవిడ తుడిచిన వస్తువు కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంటుంది.

ఆ బుధవారం ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి రెండు కంప్యూటర్లొచ్చాయి. చెరొకటి తుడిచారు. చీటీలు వచ్చాయి.

"చూశారా అమ్మగారూ. మీది పదకొండొందల యాభై. నాది తొమ్మిదివేల నాలుగొందలు," అంది వరహాలమ్మ. "ఒకే ఆఫీసు, ఒకే కంపెనీ, ఒకే రోజు కొన్నారంట రెండూను."

"నాదాన్ని వాళ్ళు ఎక్కువ వాడి ఉంటారు."

"రోజూ మీ వంతుకొచ్చినవాటినే ఎక్కువ వాడతారేటండీ?"

"పని చూడు, వరహాలూ."

"నాదేముందండీ, అందరూ అనుకునేదే అన్నాను. చెయ్యి అచ్చిరావాలి కదండీ." అనేశాక నాలిక్కరుచుకుంది గాని, మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. "అయినా మీరు మరీ అండీ. దసరాకి ఆఫీసోళ్ళు వీటికి పెట్టుకున్న గంధం బొట్టు కూడా గీకి గీకి తుడిచేస్తారు. నేను బొట్టు జోలికెళ్ళను. చుట్టూ తుడిచి ఒగ్గేత్తాను. నిండుగా ఉన్నదాని బొట్టు మన చేత్తో తియ్యడమేటండీ, పాపం!"

నాలుగేళ్ళ కిందట మాణిక్యాంబ నుదుటిది తీసినప్పుడు ఎవరూ ఇంత ఆలోచించలేదు. గుడ్డ మళ్ళీ స్పిరిట్లో ముంచి తరవాతి ప్రింటరు అందుకుంది.

రెండ్రోజులకి, భోజనాల దగ్గర, శంకరం ఫోను కంచం పక్కన పెట్టుకుని కెలుకుతున్నాడు. అతని భార్య విమల అందరికీ మజ్జిగ పోస్తోంది.

"వదినా, రేపట్నుంచి నువ్వు రిజిస్టరు చూసుకో."

"బల్ల దగ్గరెవరుంటారు?"

"వరహాలమ్మ చెల్లెల్ని రమ్మన్నాను."

"పోనీలే అక్కా, కుర్చీలో కూర్చుని చేసే పనేగా," అంది విమల, మరీ తొందరగా. ఆ తొందరలో మాణిక్యాంబకి అర్థమైంది, ఈ సంగతి మొగుడూ పెళ్ళాల మధ్య అప్పటికే నలిగిందని.

"కారణం చెప్పు శంకరం."

శంకరం ఫోను తిప్పి చూపించాడు. రెండు గీతలు, ఒకటి పైన, ఒకటి అడుగున. "నేనిలాంటివి నమ్మను వదినా. నీకు తెలుసు. కానీ అంకెలు వేరేగా చెబుతున్నాయి. వరహాలమ్మ తుడిచినవాటిల్లో నూటికి డెబ్భైమూడు పచ్చగీత. నువ్వు తుడిచినవి నూటికి పదకొండు."

"స్పిరిటు వాసన వల్లేమో."

"అది అనుమానించాను. పది రోజులు వరహాలమ్మ చేత కూడా స్పిరిట్తోనే తుడిపించాను. ఆవిడవి తగ్గలేదు."

"మరి దేనివల్ల?"

"తెలీదు." తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. "దేనివల్లో తెలిసేదాకా... మంచి వస్తువులు ఊరికే నలుగుడులోకి పోతున్నాయి కదా వదినా, అందుకని."

ఆవిడ మజ్జిగ తాగి లేచింది. పెరట్లో చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఆ చేతుల్నే చూసుకుంది. వరహాలమ్మ అంటే సర్దుకుంది. ముక్కుని పుట్టించిన శంకరం కూడా అన్నాడంటే, ఏమో, నిజంగానే తన చేతిలో ఏదైనా ఉందేమో అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

రిజిస్టరు దగ్గర కూర్చున్న రెండో వారంలో మిషన్ ఆసుపత్రి నుంచి వ్యాను వచ్చింది. తోడుగా ఎస్తేరు రాణి అని పెద్ద నర్సు వచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్లచీర, చేతికి మగవాళ్ళ వాచీ. దాతలెవరో కొత్త సామాను ఇచ్చారట, పాతవి పద్ధెనిమిది ఇచ్చేస్తున్నారు. ప్రతి దానికీ పురికొస తాడుతో అట్టముక్క వేలాడుతోంది. ఏ నెల ఎవరు చూశారో, ఏ భాగం మార్చారో, సంతకంతో సహా. అందులో మూడు వార్మర్లున్నాయి. నెల నిండకుండా పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టి పై నుంచి వేడి తగిలేలా చేసే చక్రాల ఉయ్యాలల్లాంటివి.

ముక్కు పద్ధెనిమిదింటికీ ఎర్రగీతే గీసింది.

"సార్, పోయిన శుక్రవారం దాకా వీటికింద పిల్లలున్నారు," అంది ఎస్తేరు రాణి.

"ఆయుష్షు అయిపోయిందమ్మా. ఇవాళో రేపో ఆగిపోయేవే," అన్నాడు శంకరం ఓపిగ్గానే.

"మా దగ్గరున్న పదకొండేళ్ళూ ఆగలేదు. మీ గుమ్మం తొక్కగానే ఆగిపోతాయా? ఎవరైనా కుర్రాణ్ణి పిలిచి వెనక మూత విప్పి చూడమనండి."

"విప్పి చూస్తే పైది కనిపిస్తుంది. ముక్కు లోపలిది చెబుతుంది. అయినా చట్టం కూడా దాని మాటే వినమంటోంది, నేనేం చెయ్యను?"

ఆవిడ ఇంక వాదించలేదు. మూడు వార్మర్లూ నలుగుడు మిషన్లోకి వెళ్ళేదాకా నిలబడి చూసింది. ఆఖరిదాని చక్రాలు కాసేపు మిషను పళ్ళకి అందకుండా గిరగిరా తిరిగాయి. "నూనె వేసి వారం కాలేదు," అని తనలో తను అనుకున్నట్టుగా అని వ్యానెక్కింది.

పద్ధెనిమిది పేర్లు, పద్ధెనిమిది అంకెలు రాసేసరికి మాణిక్యాంబకి ఒక సంగతి చురుక్కుమంది. వీటిలో ఒక్కటి కూడా తను ముట్టుకోలేదు. అన్నీ వరహాలమ్మా, ఆవిడ చెల్లెలూ తుడిచినవే.

రిజిస్టరు వెనక్కి తిప్పింది. ముక్కుకి అనుమతి వచ్చిన ఏడు నెలల పేజీలూ, పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, సంస్థలవారీగా రాసుకుంటూ వచ్చింది. చర్చివాళ్ళ హాస్టలు నుంచి తొమ్మిది, పచ్చగీత ఒక్కటీ లేదు. ఉర్దూ కాలేజీ నుంచి ఇరవై రెండు, ఒక్కటీ లేదు. ఇంకో పాస్టరుగారి బడి, అదీ అంతే. వీటిలో సగం తన చేతుల మీదుగా వెళ్ళనే లేదు. అది తెలియగానే ముందు గుండె తేలికపడింది. ఆ తేలిక నిమిషం కూడా నిలవలేదు. ఇనప పెట్టెకి ఎవరి సామానైతే ఏం? చర్చివాళ్ళ సామానుకీ, తను తుడిచిన సామానుకీ కలిసిందేమిటి? ఆ రెంటిలోనూ లేనిదేదో వరహాలమ్మ వాటిల్లో ఉంది.

లేచి బల్ల దగ్గరికెళ్ళింది. "వరహాలూ, ఇందాకటి ఆసుపత్రి సామాను మీద బొట్లేమైనా ఉన్నాయా?"

"కిరస్తానం వాళ్ళకి బొట్లెక్కడివండీ?" అని నవ్వింది వరహాలమ్మ.

మాణిక్యాంబ నవ్వలేదు. ముక్కుకి శంకరం చదువు చెప్పిన రోజులు ఆవిడకి గుర్తే. మూడువేల యంత్రాల దగ్గరికి తీసుకెళ్ళి వాసన చూపించాడు. సగం ఆఫీసుల్లో పనిచేస్తున్నవి, సగం స్టోరు గదుల్లో పాడై పడున్నవి. ఇది బతికినది, ఇది చచ్చినది అని మాత్రమే చెప్పాడు. ఏ వాసనని బట్టి గుర్తుపట్టాలో అదే నేర్చుకుంటుంది, అదే దీని గొప్ప అనేవాడు. ఏం పట్టుకుందో తనకీ తెలీదనేవాడు, అదేదో ముద్దు సంగతిలా. దసరాకి ఆయుధపూజ చేసే ఆఫీసుల్లో ఏం చేస్తారు? బల్లల మీద నడుస్తున్నవాటన్నిటికీ ఏటేటా గంధం పూసి కుంకం పెడతారు. స్టోరు గదిలో మూలబడ్డవాటి దగ్గరికి పళ్ళెం ఎవరు తీసుకెళ్తారు?

ఆదివారం కేంద్రానికి సెలవు. మధ్యాహ్నం మాణిక్యాంబ పూజగదిలోంచి విమల గంధం గిన్నే, కుంకంభరిణా సంచిలో వేసుకుంది. అల్మారా మీద పెట్టె కూడా విప్పని కొత్త టేబుల్ ఫ్యానుంటే అదీ తీసుకుంది.

"ఫ్యానెక్కడికక్కా?" అంది విమల.

"ఆయుష్షు చూపించుకొస్తాను."

"కొత్తదానికి ఆయుష్షేమిటి? నీ మరిదితో చెబుతానుండు, వదినకి చాదస్తం ముదిరిందని."

"చెప్పు. గంట ఆగి షెడ్డుకి రమ్మని కూడా చెప్పు."

నలుగుడు మిషను పక్క గుట్టలోంచి మాణిక్యాంబ ఒక యూపీఎస్ ఏరింది. లోపల కాలిపోయిన వస్తువు, మూత తీస్తే మసి రాలుతోంది. పాత చీటీ దానికే అంటుకుని ఉంది, తొంభై గంటలు. ఉంగరపు వేలితో గంధం తీసి దాని నెత్తిన రాసింది, గంధం మీద కుంకం అద్దింది. బీరువాలో పెట్టి తలుపు మూసింది. పన్నెండు నిమిషాలూ గోడగడియారం కిందే నిలబడింది. ముక్కు తప్పు చెప్పాలని కోరుకుంటోందో, చెప్పకూడదని కోరుకుంటోందో ఆవిడకే తెలీలేదు.

చీటీ వచ్చింది. పదకొండువేల రెండువందల గంటలు. పచ్చగీత.

కొత్త ఫ్యాను పెట్టింది. రెండువందల అరవై గంటలు. ఎర్రగీత.

శంకరం వచ్చేసరికి బల్ల మీద చీటీలు వరసగా ఉన్నాయి. అతను ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూశాడు. బొట్టు పెట్టుకుని కూర్చున్న కాలిన యూపీఎస్‌నీ చూశాడు. ఆ బొట్టు స్పిరిట్తో తుడిచి మళ్ళీ లోపల పెట్టాడు. నూటపది. మళ్ళీ తనే బొట్టు పెట్టాడు. పదివేల తొమ్మిదివందలు. నాలుగోసారి పెట్టబోతుంటే మాణిక్యాంబ చెయ్యి అడ్డంపెట్టింది.

"అది మారదు శంకరం."

అతను ధాన్యం బస్తాల కాలంనాటి సిమెంటు అరుగు మీద కూలబడ్డాడు. "మూడువేల యంత్రాలు వదినా. ఆరేళ్ళు. పల్చటి వాసనలన్నీ వదిలేసి, ఎదురుగా ఉన్న గంధం పట్టుకుంది. అది సులువు కదా. మొద్దు పిల్లాడు పక్కవాడి పలక చూసి రాసినట్టు..." ఆగి, "ఇచ్చినవి ఆగిపోతున్నాయని పల్లెల నుంచి ఫిర్యాదులొస్తే ఓల్టేజీ బాగాలేదన్నాను. అందరికీ అదే చెప్పాను," అన్నాడు.

"ఎన్ని చోట్లకి వెళ్ళాయి?"

"నీ రిజిస్టర్లోనే ఉంది."

"రెండువందల ఎనిమిది. రేపే కబురు పెట్టాలి, ఎవరూ వాడొద్దని."

శంకరం తలెత్తాడు. "రేపు పదకొండింటికి పెద్దాఫీసు వాళ్ళు వస్తున్నారు. అన్ని జిల్లాల కేంద్రాల్లోనూ ముక్కు పెట్టాలని సంతకాలు. నీకు తెలుసుగా."

"తెలుసు."

"ఒక్కరోజు ఆగు వదినా. రేపు ఒక్కరోజు. వాళ్ళు వెళ్ళగానే నేనే చెబుతాను, గంధం వాసన లెక్కలోంచి తీసేసి మళ్ళీ నేర్పిస్తాను. మూణ్ణెల్ల పని. ఇప్పుడు చెబితే ఇంక ఎప్పటికీ దీని తలుపు ఎవరూ తెరవరు."

మాణిక్యాంబ రిజిస్టరు తెరిచి ఒక గీత మీద వేలు పెట్టింది. "గోపవరప్పాడు ఆరోగ్యకేంద్రం. వార్మరు ఒకటి. మూతపడ్డ నర్సింగ్ హోము నుంచి వచ్చింది. ఎనిమిదివేల ఏడువందలు, పచ్చగీత. వాళ్ళు దాన్నెందుకు వదిలేశారో అడిగావా?"

"ముక్కు చెప్పాక అడగడమెందుకు?"

"నేనడిగాను. ఇందాక ఆ డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఒక్కోసారి వేడి ఎక్కుతూనే పోతుందట, దానంతటది ఆగదట. అందుకే రెండేళ్ళుగా వాడకుండా ఓ పక్కన పెట్టారు. పక్కనున్నా వార్డులోనే ఉంది కనక దసరాకి దానికీ బొట్టు పెట్టారు."

శంకరం కళ్ళు గడియారం వైపు పోయాయి.

"నా చెయ్యి మంచిది కాదని నీ అంకెలు చెబితే నన్ను మర్నాడే బల్ల దగ్గర్నుంచి లేపావు. మూణ్ణెల్లు ఆలోచించలేదు. ఆ తొందర ఇప్పుడేమైంది?"

ఆవిడ గొంతు పెంచలేదు. రోజూ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతే. శంకరం మొహం ఎర్రబడింది. జేబులోంచి కారు తాళాలు తీశాడు.

గోపవరప్పాడు గంటన్నర దారి. దారిలో మూడుసార్లు ఆరోగ్యకేంద్రానికి ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. చేరేసరికి నాలుగు దాటింది. రెండే గదుల ఆసుపత్రి, వరండాలో బట్టలారేసి ఉన్నాయి. లోపలి గదిలో వార్మరు వెలుగుతోంది.

దానికింద బిడ్డ ఉంది.

అరచేతిలో పట్టేంత పసిగుడ్డు, ఎర్రగా, కాళ్ళు ముడుచుకుని. పక్క మంచం మీద తల్లి జ్వరంతో మూలుగుతోంది. కింద చాప మీద ముసలావిడ, అమ్మమ్మ కాబోలు, చీరకొంగుతో ఈగలు తోలుతోంది. డ్యూటీ నర్సు చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా అయ్యుండదు.

శంకరం పరుగులాంటి నడకతో వెళ్ళి బిడ్డకీ వేడి కడ్డీకీ మధ్య అరచెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. "ఇప్పటికి బాగానే ఉంది," అన్నాడు.

"ఇప్పటికేంటి సార్?" అంది నర్సు. "నిన్న ఒకసారి వేడెక్కిపోతే ఆపేసి మళ్ళీ వేశాను. ఓల్టేజీ అనుకున్నాను."

"ఓల్టేజీ కాదమ్మా. మిషన్లోనే తప్పుంది. ఇది ఇవ్వకూడని వస్తువు. నేనే ఇచ్చాను. దీన్ని ఆపెయ్యాలి."

"ఆపేస్తే బిడ్డ చల్లబడిపోద్ది సార్! పదిహేనొందల గ్రాములు కూడా లేదు. తల్లి గుండెల మీద వేద్దామంటే ఆవిడకి ఒళ్ళు కాలిపోతోంది. రెండ్రోజులు ఆ మామ్మగారే గుండెకి కట్టుకుని కూర్చుంది, ఇంక ఆవిడ వల్ల కావట్లేదు."

"ఇంకో వార్మరు దగ్గర్లో ఎక్కడా లేదా?" అంది మాణిక్యాంబ.

"జిల్లా ఆసుపత్రిలో రేపు పొద్దున్నకి గాని పడక ఖాళీ అవ్వదన్నారండి. మిషన్ ఆసుపత్రిలో కొత్తవి రెండే, రెంటిలోనూ పిల్లలున్నారు. పాతవి మూడు ఉండాలి కదా, ఒకటివ్వండని అడిగాం పొద్దున్న." ఆ పిల్ల ఇద్దరి మొహాలూ చూసింది. "మీకు ఇచ్చేశామన్నారు. ఉన్నాయాండీ మీ దగ్గర?"

మాణిక్యాంబే, "లేవమ్మా," అంది. నూనె వేసిన చక్రాలు ఆవిడ కళ్ళముందు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

శంకరం వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. మాటలు కిటికీలోంచి వినిపించాయి. "రేపు రావద్దండి... కాదండి, రిపేరు కాదు. వాయిదా కాదు. ముక్కు తప్పండి. మొత్తం తప్పే... ఆఁ, రాసి పంపుతాను. అందరికీ చూపించండి." తరవాత అవతలివాళ్ళు చాలాసేపు మాట్లాడారు. అతను ఊఁ కొట్టడం కూడా మానేశాడు.

లోపలికి వచ్చి ప్లగ్గు ఎక్కడుందో చూసుకున్నాడు. స్టూలు లాక్కుని చెయ్యందేంత దూరంలో వేసుకున్నాడు. నర్సు దగ్గర థర్మామీటరు అడిగి తీసుకున్నాడు. ఎడమచెయ్యి ప్లగ్గు మీద, కుడిచెయ్యి వేడి కింద. "పడక ఖాళీ అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. వదినా, నువ్వు మిగతావాళ్ళకి..." మాణిక్యాంబ సంచిలోంచి రిజిస్టరు తీసి చూపించింది, తెచ్చానన్నట్టు. అతను ఆవిడ చేతుల్ని చూసి కళ్ళు దించేసుకున్నాడు. క్షమించమని నోటితో అడగలేదు. ఆవిడ దానికోసం ఆగలేదు కూడా. రెండువందల ఏడు చోట్ల మాట్లాడాలి.

గుమ్మం దాటబోతుంటే చాప మీది ముసలావిడ గొంతు వినిపించింది.

"ఏం బాబూ, ఈ మిషను నీదేనా?"

"నాదేనమ్మా."

"ఎన్నాళ్ళు పనిచేత్తాది మరి?"

మాణిక్యాంబ ఆగిపోయింది. ఏడు నెలలుగా ఈ ప్రశ్నకి గంటలతో సహా జవాబు చెప్పిన మనిషి.

"తెలీదమ్మా," అన్నాడు శంకరం.

"తెలీకుండానే ఇచ్చేరా?"

"ఆఁ."

ముసలావిడ అతన్ని పైకీ కిందకీ చూసింది. వేడి కింద చాపిన అరచెయ్యి చూసింది, బిడ్డని చూసింది. తిడుతుందేమో అనుకుంది మాణిక్యాంబ. తిట్టలేదు. కొంగు నేల మీద పరుచుకుని గోడవైపు ఒత్తిగిలింది.

"అయితే చెయ్యి తియ్యకు. మూడ్రోజులైంది నేను కన్ను మూసి," అంది, అనేలోపే నిద్రలోకి జారిపోయింది.